రిమైండర్ రాని పని

ప్రభుత్వానికి అప్పుడప్పుడు జ్ఞానోదయం అవుతుంటుంది. అయిన ప్రతిసారీ కింది ఉద్యోగులకు రెండు రోజుల ట్రైనింగ్ పడుతుంది.

ఆ ఏడు ఏప్రిల్‌లో పశుక్షేమ శాఖకు అయిన జ్ఞానోదయం ఏమిటంటే, తమ ఉద్యోగులు మరీ ఎక్కువ పనులు నెత్తిన వేసుకుంటున్నారని. ఇది పచ్చి నిజం. ఏటిగడ్డ పశువైద్య కేంద్రంలో సహాయకురాలిగా పనిచేసే గాదె సరోజననే తీసుకోండి. ఆరు ఊళ్లు, పదకొండు వందల నలభై గొడ్లు, ఒక ఫ్రిజ్, ఒక మోపెడ్, ఇరవై ఏడు పనులు. డాక్టరు పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ. ఇరవై ఏడింటిలో గొడ్లకు సంబంధించినవి గట్టిగా లెక్కపెడితే ఏడెనిమిది. మిగతావన్నీ దారిన పోతూ వచ్చి చేరినవే. బడిలో మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపడం, నాటిన మొక్కలు బతికాయో చచ్చాయో రాయడం, ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, మంత్రిగారి సభకు జనాన్ని తోలడం, జిల్లా అధికారి గారి కుక్కకు గోళ్లు తీయడం. శాఖకు ఇన్నేళ్లకు తెలిసిన ఈ సంగతి సరోజనకు ఉద్యోగంలో చేరిన వారానికే తెలిసింది గాని, కింది ఉద్యోగికి కలిగేది జ్ఞానోదయం కింద రాదు.

జిల్లా కేంద్రంలోని ఫంక్షన్ హాల్లో ట్రైనింగ్. వెనక గోడకు "తగ్గించు, తరించు" అని బ్యానరు. పట్నం నుంచి వచ్చిన ట్రైనర్ ముందుగా ఒక ప్రయోగం చేస్తానన్నాడు. ఒకరిని స్టేజీ మీదికి పిలిచి, చాచిన చేతుల మీద ఒక్కో రిజిస్టరు పేరుస్తూ పోతే, ఏదో ఒక దగ్గర చేతులు జారి అన్నీ కిందపడతాయట. అప్పుడు సభకు సత్యం బోధపడుతుందట. ఆయన ఖర్మ కాలి సరోజనను పిలిచాడు.

పది రిజిస్టర్లు పెట్టాడు. ఇరవై పెట్టాడు. సరోజన కదల్లేదు. హాల్లో రిజిస్టర్లు అయిపోయాయి.

"భారం అనిపించట్లేదా మేడమ్?" అన్నాడు ఆయన దిగులుగా.

"ఎందుకనిపించది సార్. కానీ ఈనే బర్రెను పట్టుకున్న చేతులివి, జారవు."

"పోనీ మీరే కింద పడేయండి."

"గవర్నమెంటు రిజిస్టర్లు సార్. పడేస్తే మెమో వస్తది."

సత్యం బోధపడకుండానే టీ బ్రేకు వచ్చింది. టీ తర్వాత అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, మీ పనుల్లో నిజంగా ముఖ్యమైనవి మూడే మూడు రాయండి, తక్కినవి ఈ రోజుతో వదిలేద్దాం అన్నాడు ట్రైనర్. హాలంతా పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తుంటే సరోజన రెండు నిమిషాల్లో రాసేసింది. ఒకటి, వానలకు ముందు గొంతువాపు టీకా. రెండు, సుస్తీ చేసిన గొడ్డును చూడడం. మూడు, ఈనలేక తిప్పలు పడుతున్న దాని దగ్గరికి పోవడం. రాసిన కాగితం చూసుకుంటే ఆమెకు సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి. ఈ ఉద్యోగానికి పరీక్ష రాసిన రోజున ఆమె చేద్దామనుకున్న పనులు సరిగ్గా అవే.

అందులో మొదటిది అన్నిటికన్నా ముఖ్యం. తొలకరి పడగానే గొడ్లకు గొంతు వాస్తుంది. పొద్దున గురక పెట్టిన బర్రె మర్నాటికి ఉండదు. వచ్చాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, రాకుండా చేయాలంటే వానకు రెండు వారాల ముందే టీకా పడాలి. సరోజన వచ్చినప్పటి నుంచీ ప్రతి మే నెలలోనూ ఆరు ఊళ్లూ తిరిగి వేసేది. పదకొండేళ్లలో ఆ జబ్బుతో ఏటిగడ్డలో ఒక్క దూడ కూడా చావలేదు.

జిల్లా అధికారి విశ్వంభరరావు గారు కాగితాలన్నీ తెప్పించుకుని చూశారు. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా సర్క్యులర్ భాషలోనే అడుగుతారని ప్రతీతి.

"సరోజన గారూ, మీ ఆసక్తి అభినందనీయమే. కాని ఎవరికి తోచిన పనిని వారు ముఖ్యమని నిర్ణయించుకొనుచో వ్యవస్థ ఏమి కావలెను? ముఖ్యమనుటకు ఆధారమేమి?"

"వానలు పడేలోపు టీకా ఎయ్యకపోతే గొడ్లు సస్తయి సార్."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయము. నేనడుగునది కాగితము మీది ఆధారము."

వారం తిరక్కుండా ఆధారం వచ్చింది, సర్క్యులర్ రూపంలో.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, పనుల ప్రాధాన్యమును నిర్ణయించుటలో వ్యక్తిగత అభిరుచులకు తావీయరాదు. ఏ పనిని గూర్చి పై కార్యాలయములు ఎన్నిమార్లు రిమైండరు పంపియున్నవో ఆ సంఖ్యయే ఆ పని ప్రాధాన్యమునకు గీటురాయి. అత్యధిక రిమైండర్లు గల మూడు పనులను మాత్రమే చేయవలెను. వదిలిన పనులను చేయుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును."

వినడానికి బాగానే ఉంది. అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదు, కాబట్టి ఎక్కువసార్లు అడిగిందే ముఖ్యం అని విశ్వంభరరావు గారు మీటింగులో విడమరిచి చెప్పారు కూడా. అందులో చిన్న చిక్కు ఒకటుంది. వేళకు చేసే పనికి రిమైండర్ రాదు. ఆ చిక్కు ఎవరికీ తట్టలేదు, తట్టినవాళ్లు నోరు విప్పలేదు.

రిమైండర్లు లెక్కపెట్టే పని సీనియర్ అసిస్టెంట్ మొయినుద్దీన్ సాబ్ మీద పడింది. ముప్పై రెండేళ్ల సర్వీసు, రెండు నెలల్లో రిటైర్‌మెంటు. సరోజన ఎదురుగా కూర్చుంటే ఆయన ఏటిగడ్డ ఫైలు విప్పి వేళ్లు తడిచేసుకుంటూ తిప్పాడు.

"ఫస్ట్ వచ్చింది టేబుల్ ఫ్యాన్, చెల్లె. ముప్పై ఒకటి."

"అది నేను నౌకరీల చేరకముందే పోయింది గద భాయ్. నాకు తెల్వదని ఆరుసార్లు రాసిచ్చిన."

"తెల్వదంటే జవాబు కాదంట. ఫ్యాన్ యాడుందో చెప్తేనే జవాబు. సెకండ్, కుందేళ్ల లెక్క. పందొమ్మిది."

"మా మండలంల కుందేళ్లు లేవు."

"లేవని రాస్తే కంప్యూటర్ తీసుకోదు. ఎన్నో చెప్పాలె. ఇగ మూడోది ఈము పక్షులు. పద్నాలుగు."

ఏటిగడ్డలో ఎప్పుడో ఒకాయన ఈము పక్షులు పెంచి, దివాలా తీసి, ఆ షెడ్డులో ఇటుకలు పోసుకుంటున్నాడు. పక్షుల ఆరోగ్యం ఎలా ఉందని శాఖ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

"టీకా?" అంది సరోజన.

మొయినుద్దీన్ సాబ్ ఫైలు మొదటి నుంచి చివరిదాకా తిప్పి, మళ్లీ చివరి నుంచి మొదటిదాకా తిప్పి, కళ్లజోడు తీశాడు.

"సున్నా. పదకొండేండ్లల్ల ఒక్కటి గూడ రాలే చెల్లె. టైముకు ఏసి టైముకు రిపోర్ట్ పంపినవ్. ఎవలు యాది జేస్తరు?"

అలా గాదె సరోజన జీవితంలోని మూడు ముఖ్యమైన పనులు ఖరారయ్యాయి. పోయిన ఫ్యాను, లేని కుందేళ్లు, చచ్చిన పక్షులు.

ఆ శనివారం వదిలిన పనులకు వీడ్కోలు సభ జరిగింది. ఎవరి పనుల పేర్లు వాళ్లు చీటీల మీద రాసి పూలదండ వేసిన వెదురుబుట్టలో వేయాలి. బడి మరుగుదొడ్లు, మొక్కలు, ఓటర్ల జాబితా చీటీలు వేసేటప్పుడు సరోజన చెయ్యి ఎంత తేలికగా ఆడిందో చెప్పలేం. టీకా చీటీ దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది. వెనక లైనులో వాళ్లు గొణుగుతుంటే అటెండర్ ఆ చీటీని ఆమె వేళ్ల మధ్య నుంచి మెల్లగా లాగి తానే బుట్టలో వేశాడు. కుక్క గోళ్ల పని మాత్రం బుట్టలో పడలేదు. అది నోటిమాట పని, కాగితం మీద లేదు, లేని పనిని వదలడం కుదరదన్నారు. చివర్లో, వదిలిన పనిని ఏ పరిస్థితుల్లోనూ ముట్టనని, ముడితే సస్పెన్షన్‌కు సిద్ధమని అందరి చేతా హామీపత్రం మీద సంతకాలు పెట్టించుకున్నారు.

టీకా మందు మాత్రం ఏటిగడ్డ ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. వెనక్కి తీసుకుపోవాల్సింది స్టోర్‌కీపరు. వెనక్కి తీసుకుపోవడం ఆయన వదిలిన పనుల్లో ఉంది.

మే మొదటి వారంలో జిల్లా ఆఫీసు రూపురేఖలే మారిపోయాయి. అటెండర్ పాతికేళ్లుగా రోజూ పొద్దున్నే కూజాల్లో నీళ్లు నింపేవాడు. దానికి ఎవరూ ఏనాడూ రిమైండర్ ఇవ్వలేదు గనక ఆ పని రద్దయింది. రెండు రోజులు దాహంతో అల్లాడి, మూడో రోజు విశ్వంభరరావు గారు నీళ్ల నిమిత్తం మెమో పంపారు. సాయంత్రానికి రెండోది, మర్నాడు మూడోది. మూడో రిమైండర్ అందుకుని అటెండర్ కూజా నింపాడు, రసీదు మీద సంతకం తీసుకుని మరీ. దాంతో ఉద్యోగులందరికీ తత్వం తలకెక్కింది. చేసేస్తే పని చస్తుంది, చేయకపోతేనే బతుకుతుంది. ఎవరికి ఇష్టమైన పనిని వాళ్లు మానేసి, అది ముఖ్యమైనది కావాలని ఎదురుచూస్తూ కూర్చున్నారు. రిమైండర్లు పంపే సెక్షన్‌కు మాత్రం ఊపిరాడటం లేదు. రెండు కుర్చీల సెక్షన్ తొమ్మిది కుర్చీలైంది.

సరోజన రోజూ ఒక గంట ఫ్యాను గురించి విచారించేది. ఒక గంట చేలగట్ల వెంట కుందేళ్లను వెతికేది. అరగంట ఇటుకల షెడ్డు ముందు నిలబడేది. ఆ తర్వాత పని లేదు. పెళ్లయి పద్దెనిమిదేళ్లలో ఆమెకు మొదటిసారి మధ్యాహ్నాలు ఖాళీ దొరికాయి. ఆ ఖాళీలో ఆమె ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని, మందు చల్లదనం సరిగ్గా ఉందో లేదో చూస్తూ కూర్చునేది. ఇదేనా ప్రశాంతత అంటే అనిపించి ఒళ్లు మండేది.

ఒక పొద్దున ఐలవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి, మొగుడు లేడు, ఉన్నది ఒక్క బర్రె.

"ఏందే బిడ్డా, ఈయేడు ఇంక సూదులేస్తలేవు? వానమొగులు వడుతాంది. నా బర్రె నిండు సూడి మీదున్నది."

సరోజన సంగతంతా చెప్పింది. ఐలవ్వ సాంతం విని అడిగింది.

"అంటే, మందు నీ తాన్నే ఉన్నది. ఏసుడు నీకొచ్చు. బర్రె నా తాన ఉన్నది. ఇంక ఏం లేదే?"

"ఆర్డరు లేదు అవ్వా."

"గదేం జబ్బే బిడ్డా, దానికి సూది లేదా?"

ఆ మధ్యాహ్నమే సరోజన మోపెడ్ మీద జిల్లా ఆఫీసుకు పోయి మొయినుద్దీన్ సాబ్ ముందు కూర్చుంది. టీకాకు రిమైండర్ రావాలంటే ఏం చేయాలని అడిగింది.

"కంప్లేంట్ రావాలె," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "రైతు సోమవారం అర్జీల దినానికి పోయి కలెక్టర్‌కు ఇస్తే, ఆడికెల్లి రాష్ట్ర ఆఫీసుకు, ఆడికెల్లి మనకు, మనకెల్లి డివిజన్‌కు, ఆడికెల్లి నీకు. ఒక్కో మెట్టు దగ్గర ఒక రిమైండర్. ఒక్క అర్జీకి ఐదు. కానీ చెల్లె, ఆ కంప్లేంట్ నీ మీద ఉంటది. నీ సర్వీసు బుక్కుల ఒక్క మచ్చ లేదు. నా ముప్పై రెండేండ్లల్ల గసొంటి బుక్కు ఇంకోటి సూడలే నేను. ఆలోచన జేసుకో."

సరోజన దారి పొడుగునా ఆలోచించుకుంది. సర్వీసు బుక్కు అంటే ఆమెకు మామూలు మమకారం కాదు. ఇంటికి చుట్టాలొస్తే చూపించేది కాదు గాని, చూపించగలిగితే దాన్నే చూపించేది. ఇంటికి చేరేసరికి ఆమె నిర్ణయం అయిపోయింది, ఏడుపు మాత్రం రెండు రోజుల దాకా ఆగలేదు.

అసలు కష్టం ఐలవ్వ దగ్గర వచ్చింది.

"నీ మీద నేనెట్ల చెప్త బిడ్డా? నా నోట్లెకెల్లి ఎల్తదా ఆ మాట? పోయినేడు ఈతల అడ్డం తిరిగిన దూడను చెయివెట్టి గుంజినదానివి నువ్వు."

"నువ్వు చెప్పకుంటే బర్రె దక్కదవ్వా."

ఐలవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, సరే, ఏమనాల్నో నేర్పించు అంది.

సోమవారం ఆరు ఊళ్ల నుంచి రెండు ట్రాక్టర్ల జనం కలెక్టరాఫీసుకు పోయారు. అక్కడ మొదటి అర్జీలన్నీ తిరస్కరించబడ్డాయి. కారణం, "మా సరోజన మేడమ్ బంగారమసొంటిది, అద్దుమరాత్రి పిలిచినా వస్తది, ఈయేడు మాత్రం సూదులేస్తలేదు" అని అందరూ ఒకేలా చెప్పారు. కౌంటర్ దగ్గరి ఉద్యోగి కాగితాలు వెనక్కి నెట్టాడు.

"ఇది ఫిర్యాదుల కౌంటర్. ప్రశంసలు ఇక్కడ స్వీకరించబడవు. ప్రశంసకు కౌంటర్ లేదు. తిడితే రాసుకుంటా."

జనం బయటికి వచ్చి వేపచెట్టు కింద చేరి తిట్లు కుదుర్చుకున్నారు. ఇంటి దగ్గర తిట్టుకోవడంలో ఆరితేరినవాళ్లే గాని, సరోజన మీద ఒక్క తిట్టూ అతకడం లేదు. చివరికి ఒకాయన, తన బావమరిదిని తలచుకుంటే బాగా వస్తోందన్నాడు. అందరూ తమ తమ వాళ్లను తలచుకుని మళ్లీ లైన్లో నిలబడ్డారు. ఆ రోజు రెండు వందల పన్నెండు ఫిర్యాదులు నమోదయ్యాయి.

పది రోజుల్లో ఏటిగడ్డ టీకా మీద వెయ్యిన్నీ అరవై రిమైండర్లు కూడాయి. ఫ్యాను, కుందేళ్లు, ఈములు ఎక్కడో కిందికి పోయాయి. రాష్ట్రంలోనే ఏ పనికీ ఇన్ని రిమైండర్లు రాలేదని తేలింది. మే ఇరవై మూడున విశ్వంభరరావు గారు ప్రత్యేక సమీక్ష పెట్టి సరోజనను పిలిపించారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సరోజన గారూ, మీ అలసత్వము వలన మన జిల్లాకు అపూర్వ గౌరవము దక్కినది. ఒకే పని మీద అత్యధిక రిమైండర్లు కేంద్రీకరించిన జిల్లాగా మనకు ఏకాగ్రతా పురస్కారము ప్రకటించినారు. జూన్ ఇరవైన రాజధానిలో ప్రదానము."

"మంచిది సార్. అయితే రేపటిసంది టీకాలు ఏసుకుంట పోత. అయిదు దినాలల్ల అయిపోతయి."

ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

"అయిపోవుటయా? అయిపోయినచో రిమైండర్లు ఆగిపోవును. రిమైండర్లు ఆగినచో ప్రాధాన్యము నశించును. ప్రాధాన్యము నశించినచో పురస్కారమెట్లు? పనిని పూర్తిచేసి ప్రాధాన్యమును చంపరాదు. జూన్ ఇరవై వరకు మీరు ఆ పని మీద కేవలము దృష్టి పెట్టి ఉండవలెను."

"దృష్టి పెట్టి?"

"దృష్టి మాత్రమే. సూది కాదు."

సరోజనకు జీవితంలో మొదటిసారి ఒక అధికారిని తోసెయ్యాలనిపించింది. రిజిస్టర్లు జారని ఆ చేతులకు అదేమంత కష్టం కాదు. కానీ ఆమె నమస్కారం పెట్టి బయటికొచ్చింది. జూన్ ఇరవైకి వానలు పడి వారం దాటుతుంది. ఎక్కువ పనులు పెట్టుకోవద్దు, ముఖ్యమైనదే చెయ్యి అని ట్రైనర్ చెప్పిన మాట ఆ క్షణంలోనే ఆమెకు పూర్తిగా అర్థమైంది. ముఖ్యమైనది ఒక్కటే మిగిలింది. పేరు నిలబెట్టుకోవడం కూడా వదిలేయాల్సిన పనుల్లోనే పడింది.

మర్నాటి నుంచి అయిదు రోజులు, తెల్లారగట్ల ఐదింటి నుంచి ఎండ ముదిరేదాకా, ఆమె ఐసు డబ్బా మోపెడ్‌కు కట్టుకుని ఆరు ఊళ్లూ తిరిగింది. జనం గొడ్లను దొడ్ల నుంచి కదలనీయకుండా కట్టేసి ఉంచారు. సూది పడ్డ వెంటనే గొడ్డుగల ఆసామి కాగితం తీసి వేలిముద్రో సంతకమో పెట్టేవాడు. "మా బర్రెకు ఇంతవరకు టీకా వేయలేదు, సదరు ఉద్యోగిని మీద కఠిన చర్య తీసుకోగలరు." రిమైండర్లు ఆగితే టీకా పడిందని తెలిసిపోతుంది గనక ఆ కాగితాలు మధ్యాహ్నం బస్సుకు కలెక్టరాఫీసుకు పోయేవి. పదకొండు వందల నలభై సూదులు, ఆరు వందల పైచిలుకు ఫిర్యాదులు. ఐలవ్వ బర్రెకు వేసిన రోజు ఐలవ్వ రెండు కాగితాల మీద వేలిముద్ర వేసింది. ఒకటి బర్రెకు, రెండోది కడుపులో దూడకు.

జూన్ పన్నెండున వాన దిగింది. చెప్పి కొట్టినట్టు మూడో రోజుకు గొంతువాపూ దిగింది. ఏటిగడ్డ ఆరు ఊళ్లలో ఒక్క గొడ్డూ దగ్గలేదు. ఏరు దాటితే పక్క మండలం. అక్కడి సహాయకుడు దశరథం బుద్ధిమంతుడు, హామీపత్రానికి కట్టుబడినవాడు. అతని పరిధిలో ముప్పై ఒక్క బర్రెలు చచ్చాయి. దశరథం తలుపేసుకుని ఏడ్చాడని చెప్పారు. సరోజన ఏటి గట్టున నిలబడి, అవతల గుంతలు తవ్వుతున్న పొక్లెయిన్ చప్పుడు చాలాసేపు వింది. తన మందు ఆరు ఊళ్లకే సరిపోయి, నాలుగు వందల అడుగుల దూరంలో ఉన్న ఆ గొడ్లను కాపాడలేకపోయినందుకు ఆమె ఆ రోజు అన్నం తినలేదు.

శాఖ వెంటనే స్పందించి విచారణాధికారిని పంపింది, ఏటిగడ్డకు. ఫిర్యాదులు వచ్చింది అక్కణ్నుంచే కదా. పక్క మండలం నుంచి ఫిర్యాదు ఒక్కటీ లేదు. బర్రెల చావు సమాచారం స్వీకరించడం ఎవరి మూడు పనుల్లోనూ లేదు.

విచారణాధికారి ఊరి మధ్యలో కుర్చీ వేయించుకున్నాడు. పక్కన సరోజన నిలబడింది. మొదటి సాక్షి ఐలవ్వ. వెనకాల ఆమె బర్రె రెండు రోజుల దూడకు పాలిస్తూ, నున్నగా మెరుస్తూ, తోక ఊపుతోంది.

"మీ బర్రెకు టీకా వేశారా అమ్మా?"

ఐలవ్వ సరోజన ముఖం వైపు చూసింది. సరోజన చూపు దించుకుంది. నిజం చెబితే సూది వద్దన్న అధికారి ఆజ్ఞ ఉంది, హామీపత్రం ఉంది, సస్పెన్షన్ ఉంది, వచ్చే ఏడు సూది వేసే మనిషే ఉండదు. ఐలవ్వకు ఇదంతా ముందే నేర్పించారు. నేర్పించిన నాలుగు ముక్కలు ఆమె మరిచిపోయి, తనకు తోచినవి అందుకుంది.

"ఏసిందా సారూ! దీనికి సిగ్గుంటెగా! గవర్నమెంటు బువ్వ తినుకుంట మా మొకం సూడదు. దీని ఇంటి ముంగట దీపం..." అని అక్కడికి వచ్చి ఆ మాట పూర్తిచేయలేక భోరున ఏడ్చింది. కూలబడి నేల మీద చేతులు కొట్టుకుంటూ ఏడ్చింది. ఆడవాళ్లు పట్టుకుంటే విడిపించుకుని మరీ ఏడ్చింది. అధికారి చలించిపోయి, "బాధితురాలి ఆవేదన వర్ణనాతీతము" అని రాసుకున్నాడు.

"మందు నిల్వ చూస్తారా సార్?" అని ఎవరో తొందరపడి అడిగారు. ఫ్రిజ్‌లో ఒక్క సీసా కూడా మిగల్లేదని సరోజనకు తెలుసు.

"ఫ్రిజ్ తెరచి చూడడం నా మూడు ప్రాధాన్యాల్లో లేదు," అని ఆయన ఫైలు మూశాడు.

జీపు మలుపు తిరిగిందో లేదో ఐలవ్వ వచ్చి సరోజన రెండు చేతులూ పట్టుకుంది. "నా నోరు పడిపోను బిడ్డా," అని ఒకటే మాట. సరోజన ఆమెను దగ్గరికి తీసుకుంది. బాగా తిట్టినవ్ అవ్వా, ఇంత బాగా తిడతవని అనుకోలే అంది. ఇద్దరూ నవ్వబోయారు గాని నవ్వు రాలేదు.

జూన్ ఇరవైన విశ్వంభరరావు గారు పురస్కారం అందుకున్నారు. అదే నెలాఖరున జిల్లా ఆఫీసులో సభ పెట్టి, దశరథం మండలం నుంచి ఒక్క ఫిర్యాదూ రానందుకు అతనికి ఉత్తమ ఉద్యోగిగా శాలువా కప్పారు. కప్పుతున్నంతసేపూ దశరథం తల ఎత్తలేదు. అది వినయమని అందరూ మెచ్చుకున్నారు.

సరోజనను లోపలి గదిలోకి పిలిచారు. తన చివరి వారంలో మొయినుద్దీన్ సాబ్ చేయాల్సి వచ్చిన పని అది. మెమో చదివి వినిపించాలి, సర్వీసు బుక్కులో ఎక్కించాలి, ఆమె సంతకం తీసుకోవాలి.

"శ్రీమతి గాదె సరోజన, పశువైద్య సహాయకురాలు, ఏటిగడ్డ, అత్యంత ప్రాధాన్యము గల టీకా కార్యక్రమమును నిర్వహించుటలో ఘోర నిర్లక్ష్యము వహించినందున తీవ్రముగా మందలించడమైనది. మరియు, ఫిర్యాదుల సంఖ్య దృష్ట్యా, వచ్చే సంవత్సరమునకు సదరు కేంద్రమునకు టీకా మందు రెట్టింపు కేటాయించడమైనది."

చదవడం అయ్యాక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తెల్లగా ఉన్న పేజీలో ఎర్రసిరాతో ఎక్కించాడు.

"మాఫ్ చెయ్ చెల్లె. గిది నా చేతులమీదికెల్లి అయితదనుకోలే."

సరోజన మెమోలో చివరి వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువుకుంది. రెట్టింపు మందు. ఏరు దాటి దశరథం ఊళ్లకు కూడా సరిపోతుంది. ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని, పెన్ను తీసుకుని, ఎర్రసిరా కింద శుభ్రంగా సంతకం పెట్టింది.

"అది సరే గాని భాయ్," అంది, "వచ్చే ఏడు రెండు మండలాలు తిరగాలె. మే నెలల తిట్టిపిచ్చుకుంటే అందుతదా, ఏప్రిల్‌లనే మొదలువెట్టాల్నా?"